మూడు కార్ల డిస్టెన్స్

డిస్టెన్స్ మావయ్య నోట్లోంచి ఆ ఒక్క మాటా తీసేస్తే ఆయన మూగవాడే. పాతికేళ్లు డ్రైవింగ్ స్కూల్లో “డిస్టెన్స్! డిస్టెన్స్!” అని అరిచి అరిచి, ఆ మాట ఆయన నాలుకకు అంటుకుపోయింది. అసలు పేరు ఆయన లైసెన్సుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ మాటకి ఆయన దగ్గర లేని అర్థమంటూ లేదు. దూరపు చుట్టం వస్తే డిస్టెన్స్ బంధువు. జ్వరం తగ్గితే, “రోగానికీ నాకూ డిస్టెన్స్ పెరిగింది.” పక్కింటాయన పాఠాలు పోస్టులో తెప్పించుకుని డిస్టెన్స్‌లో డిగ్రీ చేశాడని తెలిసిన దగ్గర్నుంచీ ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడతాడు. అంత దూరాన్నించి చదివినవాడికి వినపడదేమోనని బెంగ.

అత్తయ్యకు కోపం వచ్చినా అంతే.

“నా కళ్లముందుండకండి!”

“ఎంత డిస్టెన్స్?”

“గుమ్మం దాకా పొండి!”

“లోపలి అంచా, బయటి అంచా?”

అత్తయ్య నవ్వేసేది. తగువు అక్కడికి సరి.

మేనకోడలికి మాత్రం ఆ ఉదయం నవ్వు రాలేదు. సోమవారం నుంచి బడి వ్యాను నడిపే ఉద్యోగం ఆమెదే, లైసెన్సు చేతికొస్తే. పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. వెనకనుంచి హారన్ మోగితే చాలు, కాలు వణికి ఇంజన్ ఆగిపోతుంది. దానికితోడు ఫుట్‌పాత్ మీంచి మావయ్య “డిస్టెన్స్!” అంటూ పరిగెత్తుకొస్తాడు. ఇక పరీక్ష ఎలా గట్టెక్కుతుంది? ఈసారి పోతే ఉద్యోగం వేరొకరికి ఇచ్చేస్తారు.

మావయ్య తెల్లారినప్పటినుంచీ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“మావయ్యా, ఇవాళ మీరు రాకండి.”

“ఎంత డిస్టెన్స్‌లో ఉండమంటావు?”

“అసలు రావద్దు!”

“సరే,” అన్నాడు. ఆ మాట అనకుండా ఆయన ఊరుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా వెళ్లిపోయింది.

పక్కన ఇన్‌స్పెక్టరు, ముందు లారీ. కారు కదిలింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఒక్క హారనూ ఆమె మీదికి రాలేదు. అనుమానమొచ్చి అద్దంలో చూసింది.

వెనక సరిగ్గా మూడు కార్లు పట్టేంత డిస్టెన్స్‌లో, అత్తయ్య బుట్ట సైకిలు రోడ్డు మధ్యలో నిదానంగా వస్తోంది. ఆమె ఆగితే అదీ ఆగుతోంది. సైకిలు వెనక వాహనాలన్నీ బారులు తీరి హారన్లు కొడుతున్నాయి, తిడుతున్నాయి. సైకిలు మీది మావయ్య వెనక్కి తిరిగి పెదవులమీద వేలు పెట్టి, నోరు మూసుకోమని బతిమాలుతున్నాడు.

“ఎవరమ్మా ఆ పెద్దాయన, ట్రాఫిక్కంతా ఆపేశాడు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మావాళ్లే సార్. డిస్టెన్స్ బంధువు.”

నవ్వు ఆపుకోవడంలో పడి ఆమె భయపడడం మరిచిపోయింది. కారుని గీతల మధ్య పొందిగ్గా నిలిపింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆమె ఆ కాగితం పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే మావయ్య సైకిలు వెనక్కి నెట్టుకుంటూ జరుగుతున్నాడు.

“రావద్దన్నావుగా! అందుకే దగ్గరికి రాలేదు.”

“గొంతెందుకలా పోయింది?”

“అరవకుండా ఉంటే ఇంతే. ఆ మాట లోపలే ఉండిపోయింది.”

ఆమె కళ్లు తుడుచుకుని, సైకిలు వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చుంది.

“పదండి మావయ్యా.”

మావయ్య మొహం విప్పారింది. “ఎంత డిస్టెన్స్?”

“ఇంటి దాకా.”