ముందు మీరు పడుకోండి, డాక్టరమ్మా

ఉన్ని కత్తిరింపు రోజుల్లో తకురెంబో ఊరి మగవాళ్లను ఇంటి దగ్గర పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ముఠాలు కట్టి, ఒక గొర్రెల కమతం నుంచి మరో కమతానికి పోతూనే ఉంటారు. అందుకే డాక్టర్ సుల్మా బెంతాంకోర్ తానే కారు తీసుకుని మట్టిరోడ్డు పట్టింది. ఆమె వెతుకుతున్నది ముఠామేస్త్రీ విల్మార్ తెచేరాను.

సుల్మా ఊరి ఆసుపత్రిలో పేగుల వైద్యురాలు. నొప్పి పుట్టాక వచ్చేవాళ్లకు తాను చేయగలిగింది కొంచెమేనని ఆమెకు తెలిసొచ్చి చాలా ఏళ్లయింది. అందుకే ఏ బాధా లేకుండా తిరుగుతున్న యాభై దాటినవాళ్లకు చిన్న చిన్న డబ్బాలు పంచి, మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూడటం మొదలుపెట్టింది. రక్తం ఉంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూడాలి. పిలకలేవైనా మొలిచి ఉంటే, అవి క్యాన్సరయ్యేలోపే కత్తిరించి పారేయాలి. పిలిస్తే ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదన్నది ఆమె పరిశోధన. ఆడవాళ్లు వస్తున్నారు. మగవాళ్లు గొట్టం ఎటు నుంచి పెడతారో వినగానే గుర్రమెక్కి పోతున్నారు.

విల్మార్ మలపరీక్షకు ఒప్పుకున్నది పెళ్లాం పోరు పడలేక. అందులో రక్తం కనిపించింది. ఎన్నిసార్లు కబురుపెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

షెడ్డులో కత్తెర యంత్రాలు రొద పెడుతున్నాయి. విల్మార్ ఒక గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి, తల ఎత్తకుండానే పలకరించాడు.

"ఏం డాక్టరమ్మా, మీకూ ఓ గొర్రెనివ్వమంటారా?"

"గొర్రె కోసం కాదు, నీకోసమొచ్చాను. ఒక్కసారి బయటికి రా, మాట్లాడాలి."

"వీళ్ల దగ్గర నాకు దాపరికమేముంది? ఇక్కడే చెప్పండి."

"మేస్త్రీని తోక ఎత్తమంటున్నార్రోయ్!" అన్నాడు పక్కనున్న ఎబెర్. అతను ముఠాలో అందరికన్నా నోరున్నవాడు. షెడ్డంతా గొల్లుమంది.

నవ్వులు ఆగాక సుల్మా అంది: "రక్తం కనిపించినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు, విల్మార్. కొంతమందికి ఉంటుంది. నువ్వు ఎటువైపో లోపల చూస్తేగానీ నాకు తెలీదు."

"తిన్నది ఒంటబడుతోంది. పొద్దస్తమానం గొర్రెల్ని కుదేస్తున్నాను. జబ్బు మనిషి ఇలాగే ఉంటాడా?"

"ముదిరేదాకా ఇలాగే ఉంటాడు."

విల్మార్ గొర్రెను వదిలేసి నడుం ఎత్తాడు. అతని కళ్లలో నవ్వు పోయింది. "సరే, ఒక్క మాట అడుగుతాను. ఊళ్లో అందర్నీ పడుకోబెడుతున్నారు గదా. మీరు పడుకున్నారా?"

రైల్వేలో పనిచేసిన సుల్మా తండ్రి ఈ జబ్బుతోనే ఎముకల గూడై పోయాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్లు నలభైకే గొట్టం పరీక్ష చేయించుకోవాలని ఆమే సభల్లో చెబుతుంది. ఆమెకు యాభై రెండు. ఈ వేసవి పోనీ, ఈ పని ముగియనీ అంటూ ఏటికేడు దాటవేసింది. ఇప్పుడు "ఓ, ఎప్పుడో" అంటే సరిపోతుంది. ఎవరూ వెళ్లి విచారించరు.

"లేదు," అంది.

"ఎందుకని?"

"మా నాన్న దీంతోనే పోయాడు. చూస్తే ఏం బయటపడుతుందోనని భయం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరో యంత్రం ఆపేశారు. విల్మార్ చేతుల జిడ్డును ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అయితే ముందు మీరు పడుకోండి, డాక్టరమ్మా. మీ వెనకే నేనూ పడుకుంటాను. మాటంటే మాటే."

తిరుగుదారిలో ఆమె కారు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుంది. అందరి ముందూ సరేనని మాట ఇచ్చేసింది. ఇక తప్పించుకునే దారి లేదు.

పరీక్షకు ముందురోజు విల్మార్ ఫోను చేశాడు. "ఈ విరేచనాల మందు గుర్రానికి పోస్తే గుర్రం చస్తుంది! మీరూ తాగుతున్నారా, నాకేనా ఈ శిక్ష?"

"తాగుతున్నా. ఇక మాట్లాడలేను, పెట్టేస్తున్నా," అంటూ ఆమె పరుగెత్తింది.

ఇద్దరికీ పరీక్ష చేసింది సుల్మా దగ్గరే పని నేర్చుకున్న డాక్టర్ నిబియా. మత్తు దిగుతుండగా సుల్మా మొట్టమొదట నిబియా ముఖం చూసింది. ఏమీ లేకపోతే ఆ పిల్ల వాగుడు ఆగదు. ఇప్పుడు దుప్పటి సర్దుతోంది.

"చెప్పు నిబియా."

"కుడివైపు ఓ పిలక ఉంది డాక్టర్. కాడతో సహా తీసేశాను. దాని కొస చూస్తే... నాకు నచ్చలేదు. ముక్కను పరీక్షకు పంపుతున్నా."

సుల్మా కళ్లు మూసుకుంది. "విల్మార్ సంగతి?"

"గడ్డ. కోత తప్పదు. నేను వెళ్లి చెబుతాను, మీరు పడుకోండి."

"వద్దు. అతన్ని తీసుకొచ్చింది నేను."

నిబియా చేయి పట్టుకుని గది ఆ చివరికి నడిచి తెర లాగితే, మంచం మీద ఉన్నాడు విల్మార్. ఆసుపత్రి గౌనులో చిన్నవాడైపోయినట్టున్నాడు.

"ఒకటి కనిపించింది, విల్మార్."

"మీకా?"

"నీకు. నాకూ ఒకటి కనిపించింది. నీది క్యాన్సరే అనిపిస్తోంది. పేగులో ఆ భాగం కోసి తీసేయాలి. నాది ఏమిటో ఇంకా తెలీదు."

అతను గోడవైపు తిరిగాడు. "రాకపోయుంటే ఎన్నాళ్లు తెలిసేది కాదు?" అన్నాడు.

"ఇక ఏ మందూ పనిచేయని రోజు వచ్చేదాకా."

"మా ఆవిడకు మీరే చెప్పండి. నావల్ల కాదు."

ముక్క ఫలితం వచ్చేదాకా సుల్మాకు తిండి లేదు, నిద్ర లేదు. ఇంతకాలం "కాస్త ఓపిక పట్టండి" అని రోగులకు ఎంత తేలిగ్గా చెప్పిందో తలచుకుని సిగ్గుపడింది. చివరికి కాగితం వచ్చింది. పిలక కొసన కణాలు క్యాన్సరుగా మారాయి గాని, కాడ దాటలేదు. తీసేయడంతోనే వదిలింది. ఆ కాగితం పట్టుకుని ఆమె వరండాలో నిలబడి, చూసేవాళ్లున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది.

విల్మార్‌కు ఆ నెలలోనే కోత జరిగింది. గడ్డ పేగు గోడ దాటలేదు. మరుసటి వసంతానికి మళ్లీ షెడ్డులో ఉన్నాడు. గొర్రెను ఎత్తడానికి ఇంకా మనిషి సాయం కావాలి, తిట్టడానికి మాత్రం అక్కర్లేదు. ముఠాలో యాభై దాటినవాళ్లను ఒక్కొక్కరినీ తనే ఆసుపత్రికి తోలాడు.

ఎబెర్ మాత్రం రాలేదు. డబ్బాను కుక్కకు ఆడుకోవడానికి ఇచ్చేశానని ఊరంతా చెప్పుకుని నవ్వించాడు. అతను ఈ ఏడు నదికి అవతలి కమతంలో ఉన్నాడని తెలిసి, సుల్మా కొత్త డబ్బా ఒకటి సంచిలో వేసుకుని, పొద్దున్నే కారు తీసింది.