మోటారు లెక్కన పెంచిన ఓల్టేజీ

"నువ్వెందుకు ముట్టుకుంటివి నాయనా దాన్ని? ఎవురు ముట్టుకోమన్నారు?"

"ఊరికూరికే ఆగిపోతాంటే నిలబెట్టినా గదమ్మే. ఏం, చెడగొట్టినానా? చూడు, ఎట్ల నడుస్తాందో!"

"నడవడం గాదు, కాలిపోతాంది! ఓల్టేజీ ఎంత పెట్టినావో తెలుసునా నీకు?"

"పుట్టినప్పట్నుంచీ బోరు మోటార్లతోనే ఏగుతాండా. ఓల్టేజీ గురించి నువ్వు నేర్పిస్తావా నాకు?"

"ఇది బోరు మోటారు గాదు నాయనా!"

నా మనవరాలు, దాని నాయన, అంటే నా కొడుకు, కంప్యూటరుకు అటొకరు ఇటొకరు నిలబడి అరుచుకుంటున్నారు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నడుమ నిలబడ్డాను. మే నెల. ఆళ్లగడ్డలో పొద్దు వాలుతున్నా గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి.

నేను చదివింది మూడో తరగతి. కంప్యూటరు గురించి నాకు తెలిసినదంతా మనవరాలు చెప్పిందే. అది ఇక్కడి శిల్పాల షెడ్డుకు బొమ్మలు చేసి ఇస్తుంది. బొమ్మను కంప్యూటర్లో అన్ని వైపులా తయారు చేస్తే, షెడ్డులోని మిషను ఆ ప్రకారం రాతిని తొలుస్తుంది. మిగతాది ఉలి పని. అంతకుముందు అది నంద్యాలలో చీరల అంగడిలో చేసేది. పొద్దస్తమానం నిలబడి, కాళ్లు వాచి ఇంటికొచ్చేది. ఈ పని దొరికాకే అది మానింది. ఈ పని పోతే మళ్లీ అక్కడికే పోవాలి.

కంప్యూటరు నంద్యాలలో పాతది కొన్నాం. పాతది చాలని నేనే చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. పెద్ద బొమ్మలకు నెమ్మదిగా ఉందని మనవరాలు దాని వేగం తానే పెంచుకుంది. అది చలికాలం. ప్రాసెసర్ వేగం ఒక మెట్టు పెంచేది, నిలవకపోతే ఓల్టేజీ రవ్వంత కలిపేది. తర్వాత గంటల తరబడి దానికి ఊపిరాడనంత పని అప్పజెప్పి వేడి ఎంతకు పోతుందో చూసేది. ఒక్క లెక్క తప్పినా వెనక్కి తగ్గించేది. చివరకు అంతా బాగున్నాక కూడా వేగం కొంచెం తగ్గించింది.

"బాగానే నడుస్తాంది కదే, ఎందుకు తగ్గిస్తాండావ్?" అని అడిగాను.

"నిలబడిన కాడనే ఆపకూడదవ్వా, ఇంకో మెట్టు దిగాల. ఓల్టేజీకి ఒక గీత ఉంటాది. అది దాటినా ఈ పొద్దు నడుస్తాది, లోపల మాత్రం అరిగిపోతా ఉంటాది."

ఆ మాట నాకు నచ్చింది. దేన్నైనా అట్లా వాడుకునే మనిషి ఇంట్లో నేను కాక ఇంకొకరు ఉన్నారనిపించింది.

అయితే చలికాలంలో నిలబడిన వేగం మే నెలలో నిలవలేదు. గది వేడి దాని వేడికి తోడైంది. ఆ వారమే ఒక గుడికి ద్వారపాలకుల జంట చేయాల్సి వచ్చింది. ఈ గొడవ పడిన మరుసటి పొద్దున ఏడింటికి ఇవ్వాలి. షెడ్డు యజమాని రాయి మిషను మీదికి ఎక్కించి పెట్టుకున్నాడు. బొమ్మ తయారైంది కానీ ఆఖరి లెక్కంతా కంప్యూటరు కట్టాలి, నడుమ ఆగితే మళ్లీ మొదటి నుంచీ. మధ్యాహ్నం రెండుసార్లు ఆగింది. వేగం తగ్గించి మళ్లీ పెడదామనుకుని మనవరాలు స్నానానికి పోయింది.

ఆ సందులో నా కొడుకు కూర్చున్నాడు. మా చేల వైపు ఎండాకాలం కరెంటు నీరసంగా వస్తుంది. మోటారు మూలిగి ఆగిపోతుంది. ఓల్టేజీ పెంచే పెట్టె పిడి తిప్పితే నీళ్లు పడతాయి. ఆగిపోయిందంటే వాడికి ఒకటే అర్థం, ఓల్టేజీ చాలలేదని. కూతురు ఏ మీట నొక్కి ఏ అంకె మారుస్తుందో చలికాలమంతా పక్కన కూర్చుని చూసినవాడే. మనవరాలు ఒకటింబావుకు కాస్త పైన ఉంచిన ఓల్టేజీ అంకెను వాడు ఒకటిన్నర చేశాడు. ఈసారి కంప్యూటరు ఆగలేదు.

"ఆగలేదని సంబరపడొద్దు నాయనా. అంత వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటాది. నువ్వు పెంచినందుకు ఇంకా నెమ్మదిగా పోతాంది."

"పోతాంది కదా! ఇప్పుడు ఆపి నువ్వు చెప్పినట్ల పెడితే ఏడుకు అయితాదా?"

"కాదు. పది దాటుతాది. షెడ్డు ఆయప్పను ఒక పూట గడువు అడుగుదాం."

"ఇంతకుముందే ఒక తూరి అడిగితిమి. మళ్లీ అడిగితే ఇదే పని చేసే నంద్యాల పిలగానికి ఇస్తాననలేదా?"

"రేయ్, ఆపేయ్," అన్నాను నేను. "అది చెప్తాంది కదా."

"నీకేం తెలుసు మా?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు. దానికి తెలుసు."

వాడు ఎవరూ పీకకుండా కుర్చీ లాక్కుని ప్లగ్గు దగ్గరే కూర్చున్నాడు.

"ఈ ద్వారపాలకుల బొమ్మలు ఇంగెందుకులే, నువ్వే పోయి గుడి ముందర నిలబడు నాయనా," అంది మనవరాలు. ఎవరికీ నవ్వు రాలేదు.

అది ఫోను తీసి యజమానికి కలిపింది. రెండుసార్లు మోగగానే తానే కట్ చేసింది. పని పోతుందన్న భయం దానికీ ఉంది. నడుస్తున్నదాన్ని అట్లాగే వదిలేసింది. పగలు నా కోసం కూడా వేయని టేబుల్ ఫ్యాను నేనే తెచ్చి, కంప్యూటరు పక్క రేకు విప్పించి, ఎదురుగా పెట్టాను. వెనక చేయి పెట్టి చూస్తే పొయ్యి సెగలా కొట్టింది.

తెల్లవారి లేచి చూస్తే తెర నల్లగా ఉంది. స్విచ్చి నొక్కితే లోపలి ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలగలేదు. మార్చిన అంకెలన్నీ పోయి మొదటికి రావాలని మనవరాలు లోపలి చిన్న బ్యాటరీ తీసి మళ్లీ పెట్టింది. అయినా వెలగలేదు. ఏడు దాటాక షెడ్డు నుంచి ఫోను వచ్చింది. మిషను ఖాళీగా పెట్టుకోలేనని, పని ఇక నంద్యాల పిల్లవాడికే ఇస్తానని యజమాని చెప్పాడు.

"ఇంగా రవ్వంత తక్కువ పెట్టింటే సరిపోయేదేమో," అన్నాడు నా కొడుకు. వాడు చెప్పులేసుకుని చేనికి పోయాడు.

మనవరాలు చీరల అంగడికి ఫోను చేసింది. ఆ పొద్దే రమ్మన్నారు. తల దువ్వుకుని, అన్నం కట్టుకుని, నంద్యాల బస్సెక్కింది.