గట్టు మీద మా అత్త పక్కన

పోయిన ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే పాస్టరు అయ్యగారు మైకు నా చేతికిచ్చారు. నేనింకా నోరు తెరవనేలేదు, చాపల మీద ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని సుఖంగా కూర్చోవడం కనబడింది. వెనక ఒకాయన అప్పుడే నవ్వు మొదలుపెట్టాడు. చిట్టమూరు చుట్టుపక్కల నాకున్న పేరు అలాంటిది. పులికాటు నుంచి ఎగిరొచ్చిన రాజహంస ఒకటి అలిసిపోయి నా సైకిలు క్యారియరు మీద వాలి, చిల్లకూరు దాకా నాతో వచ్చి, దిగేటప్పుడు తల వంచి దండం పెట్టిందని చెప్పినవాణ్ణి నేనే. దండం ఒక్కటే నేను కలిపింది. కానీ ఆ మైకు చేతిలోకి రాగానే మా మేనత్త గుర్తొచ్చింది.

మా అత్త మాటల్లో మహా పిసినారి. మామ చనిపోయిన ఏడు, ఎవరిదో మడిలో కలుపు తీస్తూ, మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిందామని గట్టు మీద కూర్చుంది. అక్కడ జరిగినదాన్ని ఎన్నిసార్లు అడిగినా ఇంతే చెప్పేది: "గెనిమ మింద కూసోనుంటి. పక్కన ఎవురో వచ్చి కూసున్నట్టయింది. ఏడుపు ఆగిపోయింది." గట్టును మా వైపు గెనిమ అంటారు. ముప్పై దాటినా చిన్నపిల్లాడిలా ఆమె వంటింటి గడప మీద కూర్చుని, మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడికే వాసన పీలుస్తూ, ఆ మూడు ముక్కల్నీ ఇంకాస్త సాగదీయాలని చూసేవాణ్ణి.

"ఎవరత్తా? తెల్లబట్టలేమన్నా కట్టుకోనున్నాడా?"

"నేను చూళ్ళేదబ్బయా."

"చూడకుండా ఎట్టా తెలిసింది?"

"చిన్నప్పుడు మీ అమ్మ పక్కన పడుకోనుంటే, ఉందా లేదా అని దీపం పెట్టి చూసేవాడివా?"

ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు. ఋజువు లేని సంగతిని ఎవరు నమ్ముతారని నా బాధ. ఎవరినైనా నమ్మించాలన్న బాధ ఆమెకు లేదు. సాయంత్రాలు కష్టంలో ఉన్న ఆడవాళ్ళు వచ్చి ఆమె అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఆమె ఆకుకూర ఏరుకుంటూ పక్కన కూర్చునేది, అంతే. వాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు మొహాలు తేటపడి ఉండేవి. ఆ అరుగే మా అత్తకు ఆస్తి.

ఒక ఏడు నాట్లయిన నెలకు, సాక్ష్యాల సమయంలో నేను లేచాను. దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు చెప్పి, అత్త మూడు ముక్కలూ అప్పజెప్పాను. అంతేనా అన్నట్టు చూశారు జనం. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని కాస్త వెలుగు కలిపాను. "స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ళంతా ఒక్కసారిగా. అలాంటిది చెవిన పడ్డాక నేను ఆగే మనిషిని కాదు. మల్లెపూల వాసన వచ్చిందన్నాను. ఆ గట్టు మట్టి రాసుకుంటే నా భుజం నొప్పి పోయిందని కూడా అన్నాను. నాకు అసలు భుజం నొప్పే లేదు.

వారం తిరక్కుండా ఊళ్ళోవాళ్ళు ఆ మట్టిని చిటికెడు చిటికెడు చొప్పున కాగితాల్లో పొట్లాలు కట్టుకుపోతే, గట్టు ఆ చోట కరిగిపోయి, మడిలో నీళ్ళన్నీ కింద మడిలోకి జారిపోయాయి. తర్వాతి ఆదివారం మడి గలాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన హిందువు, పెద్దమనిషి. "మీ దేవుడు మా గెనిమ మింద కూసున్నాడంటే నాకు సంతోషమే అయ్యగారూ. గెనిమే ఎత్తకపోతే నేను నీళ్ళు యాడ నిలబెట్టేది?" అన్నాడు.

సంఘపెద్ద అందరి ముందూ మా అత్తను లేపాడు.

"వెలుగు వచ్చిందామ్మా?"

"రాలేదు."

"మల్లెపూల వాసన?"

"బురద వాసనే."

"మరేం జరిగిందమ్మా?"

అత్త తన మూడు ముక్కలూ చెప్పింది. "ఎండదెబ్బ కొట్టుంటదిలే" అన్నారెవరో. నవ్వులు. సంఘపెద్ద నా వైపు తిరిగి, "మరి నువ్వు చెప్పిందంతా ఏంది?" అన్నాడు. అత్త కూడా నన్నే చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. నేనే కలిపానని ఒక్క మాటంటే చాలు.

"అత్త చెప్పిందే చెప్పినా" అన్నాను.

ఆమె కాదనలేదు. కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత అరుగు ఖాళీ అయింది. అబద్ధాలాడే మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? గట్టును మాత్రం మడి గలాయన రెండు రోజుల్లో మెత్తించుకున్నాడు.

చివరి రోజుల్లో అత్త మంచం పక్కన కూర్చుని, "ఇంకోసారి చెప్పత్తా, గెనిమ సంగతి" అన్నాను. ఈసారి ఏమీ కలపకుండా దాచుకుందామని. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఏం చెప్పమంటావబ్బయా? కళ్ళు మూసుకుంటే నువ్వు పెట్టిన వెలుతురే కనబడతాండాది. పక్కన ఎవురన్నా ఉన్నారో లేదో తెలీడంలే."

పోయిన ఆదివారం ఇదంతా మైకులో చెప్పాను. కలిపింది నేనేనని చెప్పాను. జనం మర్యాదగా విన్నారు, అసలు మలుపు ఇంకా రాలేదన్నట్టు. వెనక నుంచి ఒకాయన, "అన్నా, ఇంతకీ ఆ నొప్పి కుడి భుజమా, ఎడం భుజమా?" అన్నాడు. అందరూ హాయిగా నవ్వుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆ మడి వైపు నడిచాను. ఏటా నాట్ల ముందు గట్లు చెక్కి కొత్త మట్టి మెత్తుతారు కనక, అత్త కూర్చున్న చోటు ఏదో పోల్చుకోలేకపోయాను. ఇదే అయి ఉంటుందనుకున్నచోట ఎండలో కూర్చున్నాను. పక్కన ఎవరూ వచ్చి కూర్చున్నట్టు అనిపించలేదు. ఇందులో నేనేమీ కలపలేదు. కలపకుండా ఒక మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అది వినవలసిన మనిషికి అంత ఆయుష్షు లేకపోయింది.