తాత అడిగిన గెల

పక్కింటి తాత పోయాడు. రెండు వారాల కిందట నేను బడికి బయల్దేరుతుంటే ఆయన భార్య, అవ్వ, మా గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, మీ తాత పోనాడు" అంది. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పెరట్లోకి వెళ్తాను, చెట్టు చూస్తాను, వచ్చేస్తాను. మళ్లీ వెళ్తాను.

అనంతగిరిలో ఇల్లు కట్టుకున్న కొత్తలో విశాఖ నర్సరీ నుంచి అందానికని ఒక పామ్ మొక్క తెచ్చాను. ఆకు చేపతోకలా ఉంటుంది. కుండీని ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డెక్కాను. తాత చూసి పగలబడి నవ్వాడు.

"ఇది జీలుగు గదమ్మా! మా కొండంతా ఇదే. బస్సుకి బరువు సేసినావు."

జీవితమంతా ఆ చెట్లెక్కి, గెల గీసి కల్లు దించినవాడు మరి. అయినా గొయ్యి తవ్వి నాటింది ఆయనే. వేసవిలో నేను ఊరెళితే నీళ్లు పోసిందీ ఆయనే.

చెట్టు ఇంటిని మించాక తలలోంచి పూగెల వేసింది. నేను ఫొటోలు తీసి సంబరపడ్డాను. తాత మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంక పైకి పెరగదమ్మా. ఏటా ఒక్కో గెలా ముందుదాని కిందికి దిగుతాది. అడుగుకొచ్చిందంటే సెట్టు పని అయిపోయినట్టే. నానింక కొండెక్కలేను. అది దిగొచ్చినాక నాకొక గెల ఇయ్యి, గీసుకుంటాను. ముందు కొండ దేవతకి పోసి, ఆనక తాగుతాను."

టీచరు పెరట్లో కల్లు కుండా? "చూద్దాం తాతా" అన్నాను. ఆ తర్వాత ఏటా అడిగాడు, ఏటా నాది అదే మాట. ఈ కొండల్లో ఎవరూ ఏమీ అనరని నాకు తెలుసు. అనేది కింద మైదానంలోని నా వాళ్లే.

"నీ సూద్దామంటే నేదనే కదా" అని నవ్వేవాడు. మర్నాడు మామూలుగానే వచ్చి చెట్టు మొదట్లో గడ్డి పీకేవాడు. కోపగించుకున్నా బాగుండేది.

ఈ ఏడు వేసిన గెల చేతికందేంత కిందికి దిగింది. పోయిన నెల తాత దాన్ని నిమిరి చూశాడు. అడగలేదు. తీసుకో తాతా అనడానికి నాకు నోరు రాలేదు.

దినాలయ్యాక అవ్వని పిలిచి, ఎవరినైనా పెట్టి గీయించుకోమన్నాను. అవ్వ గెలకేసి చూసింది.

"ఇంకేటి గీత్తారమ్మా, పువ్వు పూసేసినాది."

గెల విచ్చుకోకముందే కత్తి పడాలట. ఆ సంగతి తాత నాకెప్పుడూ చెప్పలేదు. చెబితే నన్ను తొందరపెట్టినట్టు అవుతుందనుకున్నాడు కాబోలు.

ఇప్పుడు పువ్వు రాలుతోంది. పొద్దున్నే ఊడుస్తాను, బడి నుంచి వచ్చేసరికి పెరడంతా మళ్లీ లేత పసుపు. చీపురు పట్టుకుని గెల కింద నిలబడితే తల మీద కూడా రాలుతుంది.