అరగంట ఆగి చూడాలి

మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ పెద్దాయన పోయారని నిన్న పొద్దున వాట్సాప్ గ్రూపులో చూశాను. చందాపురలో కూతురింట్లో కాఫీ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయారట. బాధపడకుండా వెళ్ళారని తెలిసి మనసు కాస్త కుదుటపడింది. అదే గ్రూపులో రెండేళ్ళ కిందట ఆయన మీద ఫిర్యాదు రాసింది నేనే.

అప్పుడే ఎలక్ట్రిక్ కారు కొన్నాను. సర్జాపుర రోడ్డులోని మా అపార్ట్‌మెంట్‌లో కార్లన్నీ బేస్‌మెంట్‌లోనే ఉంటాయి. అక్కడ ఛార్జింగ్ పాయింట్లు లేవు. నేల తుడిచే మెషిన్ కోసం స్తంభానికి పెట్టిన ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఛార్జింగ్ పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. పెద్దాయన వచ్చి, జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు వైరుకు ఆనించి, వెంటనే పీకేశారు.

"ఏమప్పా ఇది! ఎంత కాగుతా ఉండాదో చూడు. కింద పొగ లేస్తే పైన ఇండ్లలో పిల్లోళ్ళు ఉండారు."

బేస్‌మెంట్‌లో ఉన్న అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మర్యాద తెలియని మనిషని, ఆయన్ను మార్చెయ్యమని గ్రూపులో రాశాను. అసోసియేషన్ మీటింగుకు పిలిస్తే ఆయన వాదించలేదు. ఆ రోజు పీకేసిన నా వైరు ప్లగ్గు విప్పి బల్ల మీద పెట్టారు. లోపల ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉంది.

"నా మీద కోపముంటే ఉండనీలేప్పా. ఆయప్పకు వాళ్ళింటి మీటరు నుంచి సపరేట్ లైన్ ఏద్దాం. కారు కొన్నోడు ఛార్జింగ్ పెట్టుకోకుండా ఏం చేస్తాడు?"

తన ఉద్యోగం తీయించబోయినవాడి కోసం ఆయన అడిగింది అదీ.

లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే సొంత ట్రిప్ స్విచ్చుతో లైన్ వచ్చింది. నా తర్వాత ఇంకొందరూ వేయించుకున్నారు. ఎవరు కొత్తగా ఛార్జింగ్ పెట్టినా ఆయన స్టూలు వేసుకుని అక్కడే కూర్చునేవారు. "పెట్టంగానే ఏ వైరైనా చల్లగానే ఉంటాది. అరగంట ఆగి చూడాల" అనేవారు. క్షమాపణ మాత్రం నేను రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తూ వచ్చాను.

పోయిన ఆయుధపూజకు గంధం, కుంకుమ తడిపి ఛార్జర్‌కు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"తడి దీనికి వద్దప్పా. బొట్టు గోడకు పెట్టు, దేవుడేమీ అనుకోడు."

ఆయన నా చెయ్యి వదలకముందే అన్నాను, "పెద్దాయనా, ఆ రోజు మీ మీద అట్లా రాసి తప్పు చేశాను."

"ఇంకా దాన్నే పట్టుకోనుండావా? నేను ఆ పొద్దే మర్చిపోయినా. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టు, కారు కదిలిద్దాం" అని నవ్వి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఆ రోజు చెప్పి ఉండకపోతే ఈ రోజు నా పరిస్థితి ఏమిటో ఊహించుకోలేను.

నిన్న చందాపురలో అంతా అయ్యాక సాయంత్రం తిరిగొచ్చి కారు ఛార్జింగ్ పెట్టాను. పైకి వెళ్ళబుద్ధి కాలేదు. గోడ మీది ఎండిన బొట్టు పక్కన ఆయన స్టూలు వేసుకుని అరగంట కూర్చున్నాను. తర్వాత చేతి వెనకవైపు వైరుకు ఆనించాను.

చల్లగానే ఉంది.