తాడు మీద చొక్కా

గోపాలపట్నంలో ఆ మేడమీది గది పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గదేం చేసింది పాపం అనొచ్చు. నిజమే, చేసింది ఇంటావిడే. కానీ ఆవిడ మీది కోపం ఆ మెట్ల మీదికీ, ఆ పంపు మీదికీ, ఆ వీధి మొత్తం మీదికీ పాకింది.

తొంభైల చివర్లో సంగతి. జగదాంబ దగ్గర ఒక బట్టల కొట్లో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పని నాది. అద్దెకి గది అడిగితే ఊరంతా ఒకటే ప్రశ్న, "మీ ఆయనేం చేస్తాడు?" ఆయన లేడంటే తలుపు వేసేవారు. లేడీస్ హాస్టల్ ఫీజు నా జీతాన్ని మింగేసేది. చివరికి రొయ్యల షెడ్డులో పనిచేసే ఒకామెతో కలిసి ఈ గది దొరికింది. జాలరిపేట మనిషి, మొగుడు వదిలేశాడు. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఈ గది పోతే అక్క తమ్ముడి ఇంటి అరుగు మీద పడుకుని మరదలి తిట్లు తినాలి. నేను ఊరెళ్ళి, మా అన్న చూసిన రెండో పెళ్ళివాడికి తల వంచాలి. అందుకే ఏమన్నా పడి ఉన్నాం.

ఇంటావిడది గోదావరి జిల్లా. భర్త పోర్టులో పనిచేసి, ఇల్లు కట్టి, దాంట్లో ఏడాదైనా ఉండకుండానే పోయాడు. పిల్లల్లేరు, కింద ఒక్కతే ఉండేది. "మీరూ నా బిడ్డల్లాంటోళ్ళేనమ్మా" అంటూనే, అక్క మెట్లెక్కుతుంటే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. పంపు దగ్గర మా బిందెలు ఎప్పుడూ చివరే. నేను కొట్టు నుంచి వచ్చేసరికి గేటుకి తాళం వేసేసేది. బయట నిలబడి పిన్నిగారూ, పిన్నిగారూ అని ఎంత పిలిచినా టీవీలో సీరియల్ అయ్యేదాకా లేచేది కాదు. ఒక్క భర్త చెప్పుల దగ్గరే ఆవిడకి ఎక్కడలేని శ్రద్ధ. పొద్దున్నే ముగ్గేశాక ఆ తోలుచెప్పులు తుడిచి, వీధికి కనిపించేలా గుమ్మం పక్కన పెట్టేది. పోయిన మొగుడి మీద ప్రేమ కాబోలు అనుకున్నాను.

ఇంతలో, చీకటి పడితే ఎవడో గోడ దూకి మెట్లెక్కి మా తలుపు గొళ్ళెం కదపడం మొదలుపెట్టాడు. ఎవరని అరిస్తే నవ్వుకుంటూ దిగిపోయేవాడు. ఇంటావిడకి చెబితే, "మనం సరిగ్గా ఉంటే ఎవరెందుకొస్తారమ్మా" అంది.

అక్క మాత్రం బెదరలేదు. "ఒలే, దీనికేటి బెంగ? మా పేటలో మగోలు సంద్రం మీద ఏటకెల్లిపోతే సొక్కా తడిపి తాడు మీద ఏసేత్తాం. ఇంట్లో మగోడున్నాడనుకుంతారు" అంది. తమ్ముడి ఖాకీ చొక్కా తెచ్చింది. ఎండిన చొక్కానే రోజూ పొద్దున్న తడిపి మళ్ళీ ఆరేసేవాళ్ళం. మా బట్టలు కూడా అంత శ్రద్ధగా ఉతుక్కోలేదు. గొళ్ళెం చప్పుడు ఆగిపోయింది. మేం ఇద్దరం నోరు చించుకుంటే వినని వీధి, పాత చొక్కాకి భయపడింది. నాకు సంతోషం కలగలేదు, అసహ్యం వేసింది.

అక్క అక్కడితో ఆగితే బాగుండేది. ఒట్టి చొక్కా అయితే అనుమానమొస్తుందని ఒక లుంగీ కూడా తెచ్చి పక్కన ఆరేసింది. దాంతో కొంప మునిగింది.

మర్నాడే ఇంటావిడ ఎదురింటావిడనీ, పక్కింటావిడనీ వెంటేసుకుని పైకొచ్చింది. "చొక్కా అంటే అన్నో తమ్ముడో వచ్చాడనుకోవచ్చు. లుంగీ అంటే ఇక్కడ పడుకుంటున్నట్టే కదమ్మా. సంసారులుండే వీధి ఇది. ఈ పూటే ఖాళీ చేసెయ్యండి."

అక్క ఆ రెండూ లాగి ఆవిడ ముందు పట్టుకుంది. "అమ్మగారూ, వోసన సూడండి. మగోడి సెమటేటైనా ఉందేటి? సబ్బు వోసనే. ఇందులో మనిసే లేడు."

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నానికి సామాను దించాం. గుమ్మం దాటుతుంటే ఆ తోలుచెప్పులు కంటబడ్డాయి. ఆ పొద్దున కూడా తుడిచినట్టున్నాయి, మెరుస్తున్నాయి. అప్పుడు వెలిగింది నాకు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఈవిడకి తెలుసు. మేం చొక్కా ఆరేసిన మొదటి రోజే అదీ తన చెప్పుల్లాంటిదేనని తెలిసుంటుంది. తెలిసే మమ్మల్ని వీధి ముందు నిలబెట్టింది.

"పిన్నిగారూ, ఆ చెప్పులు ఎవరు తొడుక్కుంటారని రోజూ తుడుస్తున్నారు?" అన్నాను. వీధి వినాలనే గట్టిగా అన్నాను.

ఆవిడ మొహం మాడిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. వంగి, పక్కకి జరిగిన చెప్పుని సరిచేసి, నెమ్మదిగా అంది.

"నాది సొంతిల్లమ్మా."

అక్క గిన్నెలన్నీ ఆ లుంగీలోనే మూటకట్టి నెత్తిన పెట్టుకుని బస్టాపు వైపు నడిచింది. సాయంత్రానికి ఇద్దరం ఆమె తమ్ముడి అరుగు మీద కూర్చుని ఉన్నాం, లోపల మరదలు తిట్లు మొదలుపెట్టింది.