అమ్మకూ నాకూ ఒకే నంబరు

నాకు చీర కట్టించిన ఫంక్షన్ ఆల్బమ్ మా ఇంట్లో బీరువా అడుగున, ఎవరూ కట్టని పట్టుచీరల కింద ఉంటుంది. అక్కడ దాచింది నేనే. అందులో నా ముఖం తెల్లగా, మెడ నల్లగా, చేతులు ఇంకా నల్లగా ఉంటాయి. ఆ రోజు మేకప్ వేయడానికి వచ్చినామె దగ్గర ఒకటే రంగు సీసా ఉంది. ఊరందరికీ అదే పూస్తానని గొప్పగా చెప్పుకుంది కూడా. ఫొటోలు వచ్చాక మా నాయినమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "గీ పిల్ల ఎవలు?" అని అడిగింది. ఇల్లంతా పడి పడి నవ్వింది. నేనూ నవ్వి, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను.

అమ్మ తలుపు బయట నిలబడి, "నా రంగే వచ్చింది బిడ్డా నీకు. మీ నాయిన రంగు జరన్న రాకపాయె" అంది. చిన్నప్పటి నుంచీ ఇదే మాట. నా రంగు గురించి ఎవరేమన్నా, తప్పు తనదే అన్నట్టు చెప్పేది. అన్నవాళ్ల మీద కన్నా ఆ మాట మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండేది.

అందుకే పోయిన ఏడు పెళ్లి కుదిరినప్పుడు నాకు నగల బెంగ లేదు, చీరల బెంగ లేదు. నా ముఖమూ నా మెడా ఒకే మనిషివిగా కనబడాలి, అంతే. అబ్బాయిది టేకుమట్ల. ఫోన్లో ఆయనకు ఈ సంగతి చెబితే, "మరి నాకేం రంగు పూస్తరు?" అని అడిగాడు. సంబంధం మంచిదేనని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. బడి వదిలాక అక్కడి దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడికి పోయినా అవే రెండు మూడు సీసాలు, అన్నీ పాలమీగడ రంగువే. ఒకాయన అయితే, "గిది పూస్తే మస్తు తెల్లగైతరు మేడం" అని హామీ ఇచ్చాడు.

"నాకు తెల్లగ కావద్దన్నా. నా లెక్కనే ఉండాలె" అన్నాను. పాపం, పిచ్చిదేమో అన్నట్టు చూశాడు.

చివరికి బస్టాండు దగ్గర మేడ మీద పార్లర్ నడిపే అక్క దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె కింది సొరుగు లాగింది. వేలెడంత సీసాలు, ముప్పై దాకా ఉన్నాయి. చందనం రంగు నుంచి చిక్కటి కాఫీ డికాషన్ రంగు దాకా, ఒక్కోదానికి ఒక్కో నంబరు.

"కొన్నప్పటి సంది ఒక్కరన్న అడుగుతరేమో అని సూస్తున్న చెల్లె. అందరు రెండో నంబరే పుయ్యుమంటరు" అంది అక్క. ఆమె సంతోషం ముందు నాది తక్కువే.

నన్ను కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి దవడ మీద మూడు గీతలు గీసింది. ఏ గీత కనబడకుండా పోతే అదే మన రంగట. రెండు గీతలు నిలిచాయి. మూడోది, ఇరవై ఆరో నంబరు, మాయమైపోయింది. అద్దంలో ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికి పోయేటప్పుడు బస్సులో దారి పొడుగునా దవడ తడుముకుంటూనే ఉన్నాను. కండక్టరక్క జాలిపడి, "పన్ను నొస్తుందా మేడం?" అని అడిగింది.

పెళ్లికి మూడు రోజుల ముందు అక్క తన సీసాల పెట్టెతో దంతాలపల్లి దగ్గర ఉన్న మా ఊరికి వచ్చింది. ఇంటి నిండా చుట్టాలు. నాకు పూసి చూద్దామని పెట్టె తెరిచిందో లేదో, అందరూ చేతులు చాపారు. మా నాయిన చొక్కా చేతుల కింద ఒక రంగు, పైన ఒక రంగు. పొలంలో ఎండ అట్లా పంచింది.

"నీకు రెండు సీసలు కావాలె బాపు" అంది అక్క.

నాయినమ్మ తను వయసులో ఎర్రగా ఉండేదాన్నని పట్టుబట్టి రెండో నంబరే గీయించుకుంది. నల్లటి ముంజేతి మీద అది ముగ్గు గీతలా మెరిసింది. రోజంతా తుడవనివ్వలేదు. మధ్యాహ్నానికి ఇంట్లో పేర్లు పోయి నంబర్లు మిగిలాయి. "ఓ పద్దెనిమిదీ, జర చాయ్ తే" అని మేనత్త కేక వేస్తే మా పిన్ని నిజంగానే పలికింది. నవ్వి నవ్వి నాకు కడుపులో నొప్పి పట్టింది.

అమ్మ ఒక్కతే వంటింట్లోంచి రాలేదు. "నాకెందుకే గవన్ని" అంది. అక్క ఊరుకోలేదు. లోపలికి పోయి అమ్మ మణికట్టు పట్టుకుని మూడు గీతలు గీసింది. రెండు నిలిచాయి.

"గీడనే గీస్తివి గదా, ఇంకోటి యాడ వోయింది?" అని అమ్మ చెయ్యి తిప్పి తిప్పి వెతుక్కుంది.

అక్క సీసా తిప్పి చూపించింది. ఇరవై ఆరు. అమ్మ ఆ అంకెను చూసింది, నన్ను చూసింది, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

పెళ్లి రోజు పొద్దున అక్క నా ముఖం పూర్తి చేస్తుండగా గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కొత్త చీరలో, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ, "గా సీసల నాకు జర మిగుల్తదా బిడ్డా?" అని అడిగింది. నా జన్మలో ఆమె తన ముఖం కోసం ఏదైనా అడగడం అదే మొదలు. అక్క నాకన్నా ముందు లేచి ఆమెకు కుర్చీ వేసింది.

నెల తర్వాత నేను పుట్టింటికి వచ్చి ఉండగా, మానుకోట ఫొటోగ్రాఫర్ ఆల్బమ్ ప్రింటుకు ఇచ్చే ముందు ఫొటోలు అమ్మ ఫోనుకు పంపాడు. చూద్దుము గదా, కంప్యూటర్‌లో మా ఇద్దరినీ సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి పెట్టాడు. నాకు బీరువా అడుగున ఉన్న ఆ ఆల్బమే గుర్తొచ్చింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఆయనకు ఫోన్ చేసింది.

"అన్నా, గీళ్లెవలు? మేమేడున్నం?"

"మీరేనమ్మా. జర తెల్లగ చేసిన. అందరు గట్లనే అడుగుతరు."

"మేం అడగలే. నా బిడ్డకు నా రంగే వచ్చింది. ఇరవై ఆరు. ఉన్నదున్నట్టు పెట్టు."

"ఇరవై ఆరేందమ్మా?"

"మా నంబరు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.